వాకిట్ల ప్లగ్గుకు కారు పెట్టేముందు

బిడ్డా,

నువ్వు కరెంటు కారు కొన్నవని మా అక్క, అదే మీ అమ్మ, ఫోన్ల చెప్పంగనే దుకాణంల ఉన్నోళ్లందరికీ చాయ్ తాపిన. మన ఇంట్ల స్టీరింగు పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వే. ఆ వెనకనే అక్క ఇంకో మాట చెప్పింది. దసరాకు అదే కారుల దేవరకొండ వస్తవట, రాత్రికి వాకిట్ల ప్లగ్గుకు పెట్టి చార్జింగు చేసుకుంటవట. ఇగ అప్పటిసంది నాకు మనసున పడ్తలేదు. ఫోన్ల చెప్తే "సరే మామా" అని పెట్టేస్తవు, అందుకే రాస్తున్న.

చిన్నయి ముందు చెప్త. 6 యాంపుల ప్లగ్గు వద్దు, 16 యాంపుల పవర్ ప్లగ్గే కావాలె. ఎక్స్‌టెన్షన్ బోర్డు ముట్టొద్దు. కేబులు చుట్ట మొత్తం ఇప్పి పరిచి పెట్టు. మీ ఇంటికి మంజూరైన లోడు ఎంతనో బిల్లు మీద చూసి, తక్కువుంటే పెంచమని దరఖాస్తు పెట్టు. మోటార్లన్నీ నడిచే యాళ్లకు వోల్టేజీ పడి చార్జరు తనంతట అదే ఆగితే ఆగనియ్యి, స్టెబిలైజర్ తెచ్చిపెట్టకు.

గీజరు నడిచే ప్లగ్గే గదా అంటవు. గీజరు నీళ్లు కాగంగనే బందైతది. కారు 230 వోల్టుల కాడ 14, 15 యాంపులు రాత్రంత గుంజుతది, 8 గంటలకు 26, 27 యూనిట్ల దాక. యాంపులు రెండింతలైతే వేడి నాలుగింతలు. కాలిన మోటారు స్టార్టరు ఏది ఇప్పి చూసినా వదులు స్క్రూనే నాకు ఎక్కువ కనవడ్తది. పెట్టినంక అరగంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగుంటే ఫరవాలేదు, చెయ్యి ఆగకపోతే బంద్ చెయ్యి. మీ పాతింటి వైరింగు నమ్మకు. మెయిన్ బోర్డు కాడికెళ్లి వేరే లైను కావాలె: 4 ఎంఎం రాగి వైరు, లోడు ఎక్కువైతే పడిపోయే 20 యాంపుల ఎంసీబీ, కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీయాంపుల ఆర్సీసీబీ. ఆర్సీసీబీ ఇంగ్లీషు ‘A’ టైపుది అడుగు. ఊకె అడిగితే ‘AC’ టైపు చేతుల పెడ్తరు.

ఇగ నా అసలు భయం ఎర్త్, లీకైన కరెంటును భూమిలకు దింపే వైరు.

మన దిక్కు రాళ్ల భూమి. ఎర్త్ పైపు లోతుకు దిగదు. ఉప్పు, బొగ్గు వేసినా ఎండకాలం నీళ్లు పొయ్యకపోతే గుంత ఎండి ఎందుకూ పనికిరాదు. కారు చార్జరు ముందు ఎర్త్ చూసుకుంటది, సరిగ లేకపోతే ఎర్ర లైటు పెట్టి మొండికేస్తది. అప్పుడు తెలివిమంతుడు ఒకడు వస్తడు. ప్లగ్గు డబ్బా ఇప్పి, ఎర్త్ పిన్నుకు, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్‌కు నడుమ తుండు వైరు కలుపుతడు. లైటు పచ్చగైతది, అందరు ఖుషీ.

ఆ తెలివిమంతుడు మీ నాయిన. ఇనుప కూలర్ ముట్టుకుంటే జివ్వుమంటుందని అట్లనే తుండు వైరు కలిపిండు. జివ్వుమనుడు ఆగింది. వానకాలం మొదట్ల ఒకనాడు గాలిదుమారానికి స్తంభం మీద న్యూట్రల్ తెగింది. ఫ్యాను, లైట్లు ఆగితే కరెంటు పోయిందనుకున్నరు. కరెంటు తెచ్చే ఫేజు ఎక్కడికి పోలే. స్విచ్చి వేసున్న బల్బులకెళ్లి న్యూట్రల్ వైరులకొచ్చి, ఆ తుండు మీదికెళ్లి కూలర్ డబ్బాల కూసుంది. కరెంటు లేదు గదా అని అక్క బక్కెట్ తెచ్చి కూలర్ల నీళ్లు పోసింది. తడి చెయ్యి అంటుకొని రాలే. నేను ఆనాడు మీ ఇంటికి వచ్చి ఉంటిని గనుక ఉరికి కిట్‌కాట్ ఫ్యూజు గుంజిన. నువ్వు అప్పుడు చంటిపిల్లవు. ఎప్పుడూ అక్క సంకనే ఉండేదానివి, ఆ గడియకు తొట్టెల నిద్రపోయినవు. అక్క కుడిచేతి రెండు వేళ్లకు ఇప్పటికీ స్పర్శ సరిగ లేదు, నీకు చెప్పి ఉండదు. మీ నాయిన ఆ రాత్రి అన్నం ముట్టలే. ఆయనకు ప్రేమ లేదని నేననను. పని అయ్యిందా లేదా అంతే చూస్తడు. నీ కారుకు ఎర్ర లైటు వస్తే, బిడ్డ తిరిగి పట్నం ఎట్ల పోతదని మళ్ల అదే చేస్తడు.

టైర్లు రబ్బరువే గదా అని కూడా అంటడు. కారుకు రబ్బరుంది, తలుపు పట్టుకునే నీ కాళ్ల కింద తడిమట్టి ఉంటది.

నువ్వు టెస్ట్ లాంపుతోని చూసుకుంటనంటవేమో. ఫేజుకు ఎర్త్‌కు పెడ్తే బల్బు నిండుగ వెలగాలె, ఆర్సీసీబీ ఉంటే అది పడిపోవాలె, నిజమే. కానీ ఆర్సీసీబీ లేని కాడ ఆ తుండు వైరు ఉన్నా బల్బు నిండుగనే వెలుగుతది. మోసమంత ఆడ్నే ఉంది. ఆర్సీసీబీ ఊకె పడిపోతుందని దాన్నే పీకేసేటోళ్లు గూడ ఉన్నరు. మెయిన్ బంద్ చేసి డబ్బా ఇప్పి కండ్లతోని చూడాలె. నువ్వు ఇప్పకు, నేను ఇప్పుత.

నువ్వు రాకముందే ఒకరోజు నేను మీ ఇంటికి పోయి కొత్త గుంత తవ్విస్త. వైరు నువ్వు పట్నంల కొనుక్కరా, బిల్లు తీసుకో. మీ నాయినకు మాత్రం ధర చెప్పకు, 2.5 ఎంఎం చాలు తియ్యి అంటడు.

మీ మామ