బోర్డు చూశారా, చెట్టు చూశారా?

తల్లీ,

మ్యూజియం వెనకున్న ఖాళీ జాగాలో ప్రకృతి ఎగ్జిబిట్లు పెట్టే పని నీకే ఇచ్చారని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషమేసింది. నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చూశా. డ్రాయింగులు బాగున్నాయి గానీ అందులో పద్నాలుగు బోర్డులున్నాయి, ఆ జాగాలో ఉన్న పెద్ద నిద్రగన్నేరు మాత్రం ఎక్కడా లేదు, అందుకే ఈ ఉత్తరం.

లోపల హాల్లో ఎగ్జిబిట్ అంటే మనం చేసిన వస్తువు. బయట అలా కాదమ్మా, చెట్టు, బండ, నీడ, చీమలబారు అన్నీ ముందే ఉన్నాయి, వచ్చినవాళ్ళ చూపుని వాటి మీదకి తిప్పడమే మన పని. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం 2013లో నీళ్ళ ఒడ్డున పియర్ (ఓడలు ఆగే రేవు కట్టడం) మీదకి మారింది, అక్కడ బయట గాలికి దానంతటదే మోగే హార్ప్, అంటే తీగల వాయిద్యం, ఒకటి పెట్టారు, అది వినగానే మనిషికి గాలి మీద ధ్యాస పోతుంది. అలాంటిది కావాలి మనకి. అందుకని పెన్సిల్ పట్టకముందు ఒక వారం ఆ జాగాలో పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఊరికే కూర్చో. నిద్రగన్నేరు ఆకులు ముడిచేది పొద్దు వాలాక, మీరు ఆ లోపే గేటు మూసేస్తే ఆ ముచ్చట ఎవరికీ కనపడదు, కనీసం శనివారాలు ఇంకో గంట తెరిచి ఉంచమని అడుగు. మూలనున్న బండలకి రంగులు వెయ్యనివ్వకు, హైదరాబాద్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది, పిల్లలు చేత్తో తడిమి చూడాలి దాన్ని. తొలకరి పడగానే ఆరుద్ర పురుగులు ఎక్కడ బయటికొస్తాయో తోటమాలిని అడుగు, ఆయనకి తెలిసినంత మనకి తెలీదు.

నీడ గడియారం పెడతానన్నావు, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తా ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మేం ఫిబ్రవరిలో ఒకటి కట్టాం, మంచి రాయి, చక్కటి చెక్కుడు. వచ్చినవాళ్ళంతా చేతి వాచీ చూసుకుని ఇది అరగంట లేటు, పాడైపోయింది అనేసి వెళ్ళిపోయేవాళ్ళు. అది కరెక్టుగానే ఉంది. మన దేశమంతటి గడియారం టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడ పక్కనుంచి పోతుంది, హైదరాబాద్ 78.5 దగ్గరుంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 16 నిమిషాలు తేడా, ఫిబ్రవరి మధ్యలో సూర్యుడే ఇంకో 14 నిమిషాలు వెనకుంటాడు. నవంబరు మొదట్లో అయితే వాచీ, నీడ రెండూ దాదాపు కలిసిపోతాయి. ఇదంతా బోర్డు మీద రాస్తే ఎవరూ చదవలేదు. చివరికి పక్కన ఒక నల్లబల్ల పెట్టి "మీ వాచీలో ఎంత, నీడలో ఎంత, ఇక్కడ రాయండి" అన్నాం, అప్పట్నుంచి జనం ఆగి వాదించుకోవడం మొదలెట్టారు. నువ్వయితే మనిషే నిలబడి తన నీడే ముల్లయ్యేది పెట్టు. మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో, మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి హైదరాబాద్‌లో నిటారు కర్రకి నీడే ఉండదు, ఆ రోజులకి స్కూళ్ళని పిలువు.

ఇప్పుడు అసలు సంగతి, పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? బాగుందా అని మాత్రం అడక్కు. మనవాళ్ళు మర్యాదస్తులు, "చాలా బాగుందండీ" అంటారు, దాంతో నీకు ఒరిగేదేం లేదు. 1928లోనే అమెరికాలో రాబిన్సన్ అనే సైకాలజిస్టు మ్యూజియంలో జనం ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు అని టైము కట్టి లెక్కేశాడు, నువ్వూ అదే చెయ్యి, కానీ బయట ఇంకో కాలమ్ కలుపు: బోర్డు చూశారా, చెట్టు చూశారా. మూడు నిమిషాలు బోర్డు చదివి తల ఎత్తకుండా పోతే అది మన ఓటమే, పది సెకన్లే ఆగినా తల పైకెత్తి పక్కవాళ్ళకి వేలు పెట్టి చూపిస్తే అది గెలుపు. తర్వాత వెళ్ళేవాళ్ళని ఆపి "ఇంటికెళ్ళాక అమ్మమ్మకి దీని గురించి ఏం చెప్తారు" అని అడిగి వాళ్ళ మాటల్లోనే రాసుకో.

ఇదంతా స్టీలు, రాయి కొనకముందే చెయ్యాలి. అట్టముక్క, తాడు, పీవీసీ పైపుతో నమూనా కట్టి పది పదిహేను కుటుంబాలని చూస్తే చాలు, తప్పు ఎక్కడుందో బయటపడుతుంది. పిట్ట గూడు చూడ్డానికని కన్ను పెట్టి చూసే పైపు ఒకటి అటువైపు బిగించేస్తావు, పిట్ట వచ్చే ఏడు ఇంకో కొమ్మకి పోతుంది, అందుకని తిరిగే పైపు పెట్టు. స్కూలు పిల్లల్ని, ఆదివారం ఫ్యామిలీలని ఒకే లెక్కలో కలపకు, పిల్లలు టీచర్ విజిల్‌కి కదులుతారు గానీ ఇష్టానికి కాదు. ఎండాకాలం ఒకసారి, వానల్లో ఒకసారి మళ్ళీ చూడాలి.

ఇంకా చిన్నవి కొన్ని. మే ఎండకి ఇనుము చెయ్యి కాలుస్తుంది, ముందు నీడ చూసుకో. ఫ్లెక్సీ వెలిసిపోతుంది. తెలుగు బోర్డు ఇంగ్లీషు నుంచి దింపొద్దు, "కిరణజన్య సంయోగక్రియ" అని మొదలెడితే ఎనిమిదేళ్ళ పిల్ల అక్కడే ఆగిపోతుంది, "ఈ ఆకు ఎండతో అన్నం వండుకుంటోంది, వెనక్కి తిప్పి చూడు" అను. ఒత్తులకి లైన్ల మధ్య జాగా ఎక్కువ వదలమని ప్రింటర్‌కి గట్టిగా చెప్పు.

ఆ పద్నాలుగులో మూడు ఉంచుకుని మిగతావి పక్కన పెట్టు. ఆరుద్ర కార్తె దాటేలోపు మొదటి నమూనా నోట్సు పంపు, చేతిరాతయినా పర్లేదు, కూర్చుని చూస్తా.

పెదనాన్న