టాబ్లెట్ సంగతి సరే, ముందు నీ కంచం చూపించు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే మాట, "అక్కా, ఒంటికి బలం రావడానికి ఖర్చు లేకుండా అయ్యేది చెప్పు". చెప్తాను. కాకపోతే నేను అడిగేది కూడా అందరినీ ఒకటే, ఇంట్లో ఏం వండారు అని కాదు, వండినదాంట్లో నీ కంచంలోకి ఎంత వచ్చింది అని. ఉత్తరాల్లో వంటలన్నీ రాశారు, ఆ లెక్క మాత్రం ఒక్కళ్ళూ రాయలేదు.

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడిపోతోంది, పొద్దున లేస్తూనే నీరసం. టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 అన్నారు. అందరూ బీట్‌రూట్ జ్యూస్ తాగు, దానిమ్మ తిను, ఖర్జూరం తిను అన్నారు, రెండు నెలలు చేశాను, డబ్బులైతే అయిపోయాయి గానీ నంబర్ 9.6 దగ్గరే ఆగిపోయింది. ఇంకోటి, చెప్తే నవ్వుతావేమో, ఫ్రిజ్‌లో ఐస్ ముక్కలు తీసుకుని కరకరా నమిలేస్తున్నా, ఆపుకోలేకపోతున్నా. ఇదేం పిచ్చి?

జవాబు: నవ్వనమ్మా, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన లైను అదే. ఐరన్ బాగా తగ్గిపోయిన వాళ్ళకి ఐస్, సుద్దముక్క, మట్టి, పచ్చి బియ్యం ఇలాంటివి నమలాలని విపరీతంగా అనిపిస్తుంది, డాక్టర్లు దీన్ని పైకా అంటారు. ఒంట్లోకి ఐరన్ వెళ్ళడం మొదలయ్యాక చాలామందిలో హిమోగ్లోబిన్ నంబర్ కదలక ముందే ఈ యావ పోతుంది. కాబట్టి డాక్టర్ దగ్గర సిగ్గుపడి దాచకు, మొదటి మాటే అది చెప్పు.

ఇక బీట్‌రూట్. ఎర్రగా ఉంటే రక్తం పడుతుందనే లెక్క ఎవరు మొదలుపెట్టారో గానీ ఎంతమంది పర్సు ఖాళీ చేసిందో. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, దానిమ్మలో అంతకంటే తక్కువ, ఖర్జూరంలో సుమారు ఒకటి. అదే ఎండు పప్పుధాన్యాలు, శనగలు, రాజ్మా లాంటివి 100 గ్రాములు తీసుకుంటే రకాన్ని బట్టి 5 నుంచి 7 దాకా ఉంటుంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. రంగు లేదని వాటిని ఎవరూ పట్టించుకోరు పాపం.

ఇందులో ఇంకో చిక్కుంది. మాంసం, చేపల్లో ఉండే ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది, గింజలు ఆకుల్లో ఉండేది అంత తేలిగ్గా పట్టదు, నూటికి 2 వంతులు పట్టొచ్చు, 20 పట్టొచ్చు, అంతా దాంతోపాటు ఏం తిన్నావు, ఏం తాగావు అన్న దాని మీద ఉంటుంది. నువ్వు టీ ఎప్పుడు తాగుతావో రాయలేదు, కానీ నా అనుభవం చెప్తున్నా, అందరికీ పెట్టి, నువ్వు తిని, గిన్నెలు సింక్‌లో పడేసి హమ్మయ్య అని కూర్చుని తాగే టీ ఒకటి ఉంటుంది చూడు, అదే దొంగ. టీలో ఉండే టానిన్లు అప్పుడే తిన్న ఐరన్‌ని పట్టేసుకుంటాయి, ఒంటికి చేరేది సగానికి సగం పడిపోవచ్చు. కాఫీ కూడా అంతే. మానెయ్యమనట్లేదు, ఆ పది నిమిషాలు నీకు ఎంత అవసరమో నాకు తెలుసు. తిన్నాక ఓ గంట ఆగి తాగు, అంతే. తినేటప్పుడు మాత్రం పులుపు పిండుకో, నిమ్మకాయ, లేదా పక్కన ఓ జామకాయ ముక్క, పచ్చి టమాటా ఏదైనా. విటమిన్ సి ఉంటే అదే పప్పులోంచి ఐరన్ ఎక్కువ పడుతుంది. గింజలు రాత్రి నానబెట్టి మొలకలొచ్చాక వండుకుంటే ఐరన్‌ని అడ్డుకునే ఫైటేట్లు కూడా కొంత తగ్గుతాయి, దానికి ఖర్చు నీళ్ళే కదా.

కానీ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. గర్భంతో లేని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, నువ్వు 9 దగ్గరున్నావు, ఇది తిండితో ఎక్కించే దూరం కాదు, టాబ్లెట్ కావాలి. ఐరన్ టాబ్లెట్ చవకే, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చాలాచోట్ల ఊరికే ఇస్తారు కూడా. కడుపులో తిప్పినా, మలబద్ధకం వచ్చినా మధ్యలో మానెయ్యకు, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్ని అడుగు, అలా వేసుకున్నా బాగానే పడుతుందని పరిశోధనల్లో తేలింది. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. నంబర్ 12 దాటగానే ఆపెయ్యొద్దు, ఒంట్లో నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. ఆ సీసా పిల్లలకి అందని చోట పెట్టు, చిన్నపిల్లలు అవి చాక్లెట్లు అనుకుని మింగితే ప్రాణం మీదకొస్తుంది.

అడగడం మర్చిపోయా, నెలసరి ఎన్ని రోజులు? ఏడు రోజులు దాటినా, గంట గంటకీ ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా ముందు అది చూపించుకో. చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం.

ప్రశ్న: నేను 55 కిలోలు, వయసు 28. ఈమధ్య జిమ్‌లో చేరా, ఆడవాళ్ళకి ప్రొటీన్ సరిపోదు, పౌడర్ డబ్బా కొనాల్సిందే అన్నారు. దాని రేటు చూస్తే మా ఇంటి నెల సరుకుల్లో పెద్ద భాగం అదే తినేస్తుంది. కొనాలా?

జవాబు: కొనక్కర్లేదు. రా, కూర్చుని లెక్కేద్దాం. మామూలు మనిషికి కిలో బరువుకి సుమారు 0.8 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే నీకు 44. ఒక గుడ్డులో 6, ఒక పెద్ద గ్లాసు పాలలో 8, గుప్పెడు వేరుశెనగల్లో 7, ఎండువి తూచితే 50 గ్రాముల పప్పులో 11 నుంచి 12, రోజంతా తినే బియ్యమో గోధుమలో ఓ 200 గ్రాములనుకుంటే తక్కువలో తక్కువ 14. కలుపు, 46 అయ్యింది. జిమ్‌లో బరువులు గట్టిగా ఎత్తుతుంటే ఇంకాస్త కావాలి, ఇంకో గుడ్డు, ఇంకో గుప్పెడు శనగలు వేసుకో.

పేపర్ మీద బాగానే ఉంది కదా, మరి తప్పెక్కడ జరుగుతుందంటే ఆ 50 గ్రాముల దగ్గర. ఒకరోజు వండే ముందు పప్పు తూచి చూడు. ఐదుగురున్న ఇంట్లో పూటకి 100 గ్రాములు వేశారనుకో, సమానంగా పంచినా మనిషికి 20 గ్రాములు, అంటే ప్రొటీన్ 4 లేదా 5. అది కూడా సమానంగా పంచితే! గరిటె అడుగు దాకా ముంచి పిల్లలకి, పెద్దవాళ్ళకి వేసి, చివర్లో గిన్నె వంచుకుంటే మనకొచ్చేది పైన తేరిన నీళ్ళు. పప్పు తిన్నాను అనే అనుకుంటాం, తిన్నది పప్పు వాసన. ఇంకో గుప్పెడు పప్పు ఎక్కువ పోసి వండితే అయ్యే ఖర్చు ఆ డబ్బా ముందు ఏపాటిది చెప్పు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం ఈ లెక్క పట్టుకోకండి, మీది డాక్టర్ చెప్పిన లెక్కే.

ప్రశ్న: చియా సీడ్స్, క్వినోవా, బ్లూబెర్రీలు లేకుండా హెల్దీగా ఉండలేమా?

జవాబు: ఉండొచ్చు. చియాలో గొప్పగా చెప్పే ఒమేగా 3 అనే మంచి కొవ్వు అవిసె గింజల్లోనూ ఉంది, పొడి కొట్టుకుని తినండి, గింజ గింజలాగే మింగితే అరక్కుండా అలాగే బయటికి పోతుంది. మిగతా రెండూ ఇష్టమైతే తినండి, అవసరమని మాత్రం అప్పు చేసి తినకండి.

ప్రశ్న: అమ్మా, నాకు 52. నెలసరి ఆగి ఏడాదిన్నర అయ్యింది. మోకాళ్ళు, నడుము నొప్పులు. పాలు తాగితే కడుపు ఉబ్బరం. కాల్షియం కోసం రోజూ పాలకూర తింటున్నాను, సరిపోతుందా? బిళ్ళలు వేసుకుంటే కిడ్నీలో రాళ్ళొస్తాయని భయం.

జవాబు: పాలకూర మంచిదేనండీ, కానీ కాల్షియం కోసం దాన్ని నమ్ముకోకండి. దాంట్లో కాల్షియం ఉంది, పక్కనే ఆక్సలేట్లు కూడా ఉన్నాయి, అవి పట్టి ఉంచుతాయి కాబట్టి మనకి చేరేది నూటికి 5 వంతులే. పాలలోది 30 దాకా చేరుతుంది. పాలు పడని వాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది, తోడుకునేటప్పుడు పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర కొంత తగ్గిపోతుంది కనక, కొంచెం కొంచెంగా మొదలుపెట్టి చూడండి. పొట్టు తీయని నువ్వులు, ముల్లుతో సహా నమిలి తినగలిగే చిన్న చేపలు తింటే ఇంకా మంచిది.

మీ వయసుకి రోజుకి 1200 మిల్లీగ్రాముల దాకా కాల్షియం కావాలంటారు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతుంది, ఎముక అరుగుదల వేగం పెరిగేది సరిగ్గా ఈ మొదటి కొన్నేళ్ళలోనే. తిండితో అందకపోతే డాక్టర్ని అడిగి బిళ్ళ వేసుకోండి, ఒక్కసారే పెద్ద డోసు కాకుండా 500 లోపు, అన్నంతో పాటు. రాళ్ళు ఇదివరకు వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పాల్సిందే. థైరాయిడ్ టాబ్లెట్ వాడుతుంటే దానికీ కాల్షియంకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి, ఐరన్ కూడా కాల్షియంతో కలిపి వేసుకోకూడదు, చాలామంది అన్నీ ఒకే అరచేతిలో వేసుకుని గుటుక్కున మింగేస్తారు, ఒకదాన్నొకటి తినేస్తాయి.

నొప్పులున్నాయని కదలకుండా కూర్చోకండి, అడుగు నేల మీద పడి బరువు మోస్తేనే ఎముక గట్టిపడుతుంది. ఎండలో నడిస్తే రెండు పనులూ అవుతాయి, విటమిన్ డి కూడా ఊరికే వస్తుంది. మోకాలు వాస్తే మాత్రం నడకతో తేల్చుకోవద్దు, చూపించుకోండి.

ప్రశ్న: పెళ్ళై ఆరు నెలలు. వచ్చే ఏడాది పిల్లల కోసం అనుకుంటున్నాం. ఇప్పటినుంచే ఏమైనా తినాలా, కన్ఫర్మ్ అయ్యాక మొదలుపెడితే చాలా?

జవాబు: ఫోలిక్ యాసిడ్ అని ఒక బి విటమిన్ ఉంది, అదొక్కటి ఇప్పుడే మొదలుపెట్టు, రోజుకి 400 మైక్రోగ్రాములు, అన్నిట్లోకీ చవకైన బిళ్ళల్లో ఇదొకటి. ఎందుకు తొందరంటే బిడ్డ వెన్ను, మెదడు తయారయ్యే గొట్టం గర్భం వచ్చిన 28 రోజుల లోపే మూసుకుపోతుంది, చాలామందికి అప్పటికి నెల తప్పిందన్న సంగతే సరిగ్గా తెలియదు. 1991లో వచ్చిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధనలో, అంతకుముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. వాళ్ళకి ఇచ్చింది ఇంతకంటే చాలా పెద్ద డోసు, మీ ఇంట్లో అలాంటి చరిత్ర ఉంటే, లేదా ఫిట్స్ మందులు వాడుతుంటే డోసు సంగతి డాక్టర్‌తో మాట్లాడు.

ప్రశ్న: పేరు వెయ్యకండి. పగలంతా నేను పెద్దగా తినను. పొద్దున టీ, పిల్లలు వదిలేసింది రెండు ముద్దలు, మధ్యాహ్నం మూడింటికి ఏదో. కానీ రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి బిస్కెట్ ప్యాకెట్ మొత్తం తినేస్తా, కవర్ చప్పుడు కాకుండా. తర్వాత ఏడుపొస్తుంది. బరువు కూడా పెరుగుతున్నా. నాకు కంట్రోల్ లేదు.

జవాబు: కవర్ చప్పుడు కాకుండా అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను కాసేపు. నీకు కంట్రోల్ లేకపోవడం కాదమ్మా, ఉన్నదంతా పగలే ఖర్చు పెట్టేస్తున్నావు. పొద్దున్నుంచి మూడింటిదాకా ఒళ్ళు అడుగుతూనే ఉంది, నువ్వు తర్వాత తర్వాత అంటూ నెట్టుకొచ్చావు, రాత్రి పదకొండుకి అది బాకీ వసూలు చేసుకుంటోంది. ఆకలిగా ఉన్నప్పుడు ఒంటికి తీపి, మైదా, నూనె ఇవే గబగబా కావాలి, అందుకే చెయ్యి బిస్కెట్ల మీదకి పోతుంది గానీ శనగల మీదకి పోదు.

డైట్ వద్దు నీకు, ఇప్పుడే వద్దు. రాత్రి తింటున్నావని మర్నాడు పొద్దున మానేస్తున్నావేమో, అది మాత్రం వెంటనే ఆపు. లేచిన గంటా గంటన్నరలో ఏదైనా తిను, ఒక గుడ్డో, రాత్రి నానేసిన గింజలో, పాలో పెరుగో. మధ్యాహ్నం వండగానే అందరికంటే ముందు నీ వంతు ఒక డబ్బాలో తీసి మూతపెట్టు. ముందే తినెయ్యమనట్లేదు, నీకు అది అలవాటు లేదని తెలుసు, తీసి పక్కన పెట్టు చాలు. పిల్లలు వదిలేసింది నీ భోజనం కాదు. రాత్రి ఇంకా ఆకలేస్తే బిస్కెట్లే తిను, కానీ ప్లేట్లో నాలుగు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, లైటు వేసుకుని తిను.

ఇలా రెండు వారాలు చేసినా అదే నడుస్తుంటే, లేదా తిన్నాక వాంతి చేసుకోవాలనిపిస్తుంటే, రోజంతా దిగులుగా ఉంటే డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చెప్పు, ఇది జబ్బే, మందూ మాటా రెండూ ఉన్నాయి దీనికి. లేకపోతే ఆ డబ్బాలో ఏం పెట్టుకున్నావో నాకు ఒక వారం రాసి పంపు. పేరు వెయ్యనులే.