సోఫా మీద పని చేసుకోవడానికి బల్ల కొనే ముందు సోఫా కింద సందు కొలవండి

మీరు అడిగింది ఇదీ: మారతహళ్ళిలో సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. డెస్కూ కుర్చీ వేస్తే హాల్లో నడవడానికి చోటుండదు. నడుం నొప్పి వల్ల కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేక సోఫా మీదే ఆఫీసు పని చేస్తున్నారు. పని అయిపోగానే పక్కకు తోసేసేలా, ఎత్తు తక్కువగా ఉండే బల్ల బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది?

నేనూ మీకు దగ్గర్లోనే, కుందలహళ్ళి వైపు ఉంటాను. కొన్నేళ్ళుగా సగం రోజు సోఫా మీదే పని. ఎక్కడ దొరుకుతుందో చెప్తాను గానీ, ముందు ఒక టేపు తీసుకుని సోఫా దగ్గరికి వెళ్ళండి. ఇలాంటి బల్ల కొనేటప్పుడు అందరూ పైపలక చూస్తారు. ఎంత వెడల్పు, ఏ రంగు, కప్పు పెట్టుకోవడానికి గుంట ఉందా అని. నిజానికి అది పనికొస్తుందా లేదా అన్నది తేల్చేది నేల మీద ఉండే కాళ్ళే.

ఇంగ్లీషు అక్షరం సి లాగా ఉండే బల్లలు చూసే ఉంటారు. అడుగు భాగం సోఫా కిందికి వెళ్తుంది, పలక మన ఒళ్ళోకి వస్తుంది. ఇది పనిచేయాలంటే సోఫా కింద సందు ఉండాలి. 2 అంగుళాల చక్రం తీసుకుంటే, బిగించే ప్లేటుతో కలిపి రెండున్నర అంగుళాలు అవుతుంది. దాని మీద పైపు ఒక అంగుళం. అంటే మూడున్నర. సోఫా కింద 4 అంగుళాల ఖాళీ లేకపోతే చక్రాల బల్ల లోపలికి దూరదు. ఇప్పుడొస్తున్న ఎల్ షేప్ సోఫాల్లో చాలావాటికి 2 అంగుళాల కాళ్ళే ఉంటాయి, కొన్నిటికి నేల దాకా మూసేసి ఉంటుంది. బల్ల లోపలికి వెళ్ళకపోతే ఏమవుతుందంటే, పలక మోకాళ్ళ దగ్గరే ఆగిపోతుంది, దాన్ని అందుకోవడానికి రోజంతా ముందుకు వంగి కూర్చుంటాం. నడుం నొప్పి ఉన్నవాళ్ళకు అంతకంటే చెడ్డది లేదు.

రెండో కొలత మోచేతిది. ఖాళీ సోఫాని కొలిస్తే లాభం లేదు. మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని, కుషన్ బాగా దిగాక, మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో ఇంట్లో ఎవరితోనైనా కొలిపించండి. మామూలుగా 23, 24 అంగుళాల దగ్గర వస్తుంది. అదే సమయంలో తొడ పైభాగం 20, 21 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే చేతులకీ తొడలకీ మధ్య ఉన్నది మూడంగుళాలు. పలక మందం, దాని కింద ఫ్రేము అన్నీ అందులోనే ఇమడాలి. కాబట్టి డ్రాయర్ ఉన్న బల్ల జోలికి వెళ్ళకండి. మామూలు డెస్కు ఎత్తు 29, 30 అంగుళాలు, దాని ముందు సోఫాలో కూర్చుంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి. టీపాయ్ అయితే 16, 18 మధ్య ఉంటుంది, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుంటే మెడ వంచక తప్పదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. చేతులకు 24 అంగుళాల ఎత్తు సరిపోతుంది. కళ్ళకు సరిపోదు. సోఫాలో కూర్చున్నప్పుడు మన కళ్ళు నేల నుంచి 42, 44 అంగుళాల ఎత్తులో ఉంటాయి. స్క్రీన్ పై అంచు దాదాపు ఆ ఎత్తుకు రావాలి. లాప్‌టాప్‌లో కీబోర్డూ స్క్రీనూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒక్క బల్ల రెండిటికీ న్యాయం చేయలేదు. తక్కువ ఎత్తు బల్ల కోసం మీరు ఎంత వెతికినా మెడ సమస్య అలాగే ఉంటుంది. అందుకే నా సలహా మీరు అడిగినదానికి కాస్త ఎదురుగా ఉంటుంది: బల్ల ఎత్తుగానే తీసుకోండి, స్క్రీన్ దాని మీద పెట్టండి, కీబోర్డు మాత్రం ఒళ్ళో పెట్టుకోండి.

ఆ ఎత్తు బల్ల నాకు ఎలా దొరికిందో చెప్తాను. మా నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయినప్పుడు మంచం మీదే భోజనం చేయాల్సి వచ్చింది. దగ్గర్లోని సర్జికల్ షాపులో ఆసుపత్రి మంచాల దగ్గర ఉండే చక్రాల బల్ల కొన్నాం. ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాక అది హాల్లో ఒక మూలకు చేరింది. ఒకరోజు లాప్‌టాప్ దాని మీద పెట్టి సోఫా దగ్గరికి లాక్కున్నాను. అప్పట్నుంచి అదే నా డెస్కు. షాపులో 'ఓవర్ బెడ్ టేబుల్' అనో, 'కార్డియాక్ టేబుల్' అనో అడగండి, అర్థం చేసుకుంటారు. ఒకే స్తంభం, ఒక పక్కన మాత్రమే ఉంటుంది. అడుగున నాలుగు చక్రాలు. పలక మంచం మీదికి వచ్చేలా చాచి ఉంటుంది. ఎత్తు సాధారణంగా 28 నుంచి 40 దాటి పెరుగుతుంది. రాసుకోవడానికైతే సోఫాకి ఇది ఎక్కువ ఎత్తే, కానీ స్క్రీన్‌కి సరిగ్గా కావలసింది ఇదే. నాది 33, 34 దగ్గర బిగించి ఉంచుతాను. లాప్‌టాప్ స్క్రీన్ మరో ఎనిమిది, తొమ్మిది అంగుళాలు లేస్తుంది కదా, కళ్ళ ఎత్తుకు వచ్చేస్తుంది.

ఒళ్ళో కీబోర్డు కింద నేను వాడేది పిల్లల పరీక్ష అట్ట. ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికేదే. పైన ఉండే క్లిప్పు పీకేసి, అడుగున చిన్న దిండు ముక్క అతికించాను. చిన్న వైర్‌లెస్ కీబోర్డూ, పక్కన మౌసూ దాని మీద సరిపోతాయి. ఇంకో లాభం ఏమిటంటే, లాప్‌టాప్ వేడి తొడల మీద పడదు. రోజూ గంటల తరబడి వేడి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే కొందరికి చర్మం మీద వల అల్లినట్టు గోధుమ రంగు మచ్చలు వస్తాయి. వైద్యులు ఎప్పుడో గుర్తించిన విషయం ఇది, తేలిగ్గా తీసుకోకండి.

ఓవర్ బెడ్ టేబుల్ కొనేటప్పుడు కొన్ని చూడాలి. ఎత్తు మార్చడానికి మూడు రకాలుంటాయి: హ్యాండిల్ తిప్పేవి, నాబ్ బిగించేవి, లీవర్ నొక్కితే గ్యాస్ స్ప్రింగ్‌తో లేచేవి. ఎత్తు ఒకసారి పెట్టుకుని వదిలేసేవాళ్ళకు నాబ్ రకం చాలు. రోజులో కాసేపు నిలబడి కూడా పని చేద్దామనుకుంటే గ్యాస్ స్ప్రింగ్ ఉన్నది హాయి, నడుం నొప్పి ఉంది కాబట్టి మీకు అదే మంచిదేమో. అయితే ఇంకా కిందికి దిగాలని ఆ స్తంభాన్ని ఎవరితోనూ కోయించకండి. లోపల ఒత్తిడితో బిగించిన గ్యాస్ ఉంటుంది, ప్రమాదం. షాపులోనే పలకని గరిష్ఠ ఎత్తుకు లేపి, చివర చెయ్యి పెట్టి నొక్కి చూడండి. కాస్త ఊగడం సహజం. కటకటా చప్పుడు చేస్తూ ఊగితే వదిలేయండి. చక్రాల్లో కనీసం రెండిటికి బ్రేకు ఉండాలి, ఆ రెండూ స్తంభం వైపు ఉండాలి. మిగతా రెండూ సోఫా కిందికి వెళ్ళిపోతాయి, అక్కడ కాలు అందదు.

గట్టి నైలాన్ చక్రాలు టైల్స్ మీద, ముఖ్యంగా టైల్ సందుల మీద వెళ్ళేటప్పుడు చాలా చప్పుడు చేస్తాయి. అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ వాళ్ళకు రాత్రి పూట అది వినిపిస్తుంది. రబ్బరువి గానీ పీయూ (పాలీయురేథేన్ అనే, నైలాన్ కంటే మెత్తటి ప్లాస్టిక్) చక్రాలు గానీ వేయించండి. హార్డ్‌వేర్ షాపులో విడిగా దొరుకుతాయి, బోల్టు సైజు చూసుకుంటే మార్చడం తేలిక.

మీ సోఫా కింద సందు లేదనుకోండి. అప్పుడు బల్లని ఎదురుగా కాకుండా పక్క నుంచి తెచ్చుకోండి. స్తంభం మీ కుడి మోకాలి పక్కన ఉంటుంది, అడుగు పైపులు సోఫా అంచు వెంబడి మీ పాదాల ముందు ఉంటాయి. ఇలా అయితే ఏదీ సోఫా కిందికి వెళ్ళాల్సిన పని లేదు. వీపు వెనక గట్టి దిండు పెట్టుకుని కాస్త ముందుకు జరిగి కూర్చోవాలి, అంతే. ఆ దిండు ఎలాగూ కావాలి, ఎందుకంటే సోఫాలు కూర్చునే చోట మరీ లోతుగా ఉండి నడుముకు ఆసరా అందదు.

మా చెల్లెలికి మాత్రం ఈ ఆసుపత్రి బల్ల రూపం నచ్చలేదు. హాల్లో పెడితే ఎవరో జబ్బుపడ్డట్టుంటుందంది. ఆమె ఎక్కువగా కాగితాల మీద రాసే పని చేస్తుంది, కాబట్టి తక్కువ ఎత్తుదే కావాలి. ఆమె సోఫా కింద ఉన్నది 2 అంగుళాలే. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ళ వీధి చివర గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో చేయించాం. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. ఒక అంగుళం చదరపు పైపు, 16 గేజ్ (అంటే రేకు మందం దాదాపు 1.6 మిల్లీమీటర్లు). చక్రాలు లేవు. పైపు అడుగున ఫెల్ట్ ముక్కలు అతికించాం, టైల్స్ మీద కాలితో నెడితే చాలు, జారిపోతుంది. రాసేటప్పుడు చక్రాల బల్ల కంటే కదలకుండా నిలబడుతుంది కూడా. పలక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన సన్‌మైకా, వెడల్పు 24 అంగుళాలు, లోతు 16. అడుగు పైపులు కూడా 16 పెట్టించాం. అవి పలక కంటే పొట్టిగా ఉంటే మోచేతులు ఆనించగానే బల్ల మన మీదికి ఒరుగుతుంది. రెండు అడుగు పైపుల్నీ కలిపే అడ్డ పైపు సోఫా వైపు రాకుండా చూసుకోండి, లేకపోతే రోజూ మడమలకు తగులుతుంది. అన్నీ కలిపి 14 అడుగుల పైపు, దాదాపు 5 కిలోల ఇనుము. ఇలాంటి షాపులు కిలో లెక్కన రేటు చెప్తాయి, కాబట్టి బేరం ఆడటానికి ఈ లెక్క పనికొస్తుంది. మణికట్టు ఆనే అంచుని వడ్రంగితో గుండ్రంగా చేయించండి. సన్‌మైకా అంచు పదునుగా వదిలేస్తే చేతి మీద గీత పడిపోతుంది.

ఇక కొనే చోట్లు. చేతితో ముట్టి, కూర్చుని చూడాలంటే నాగసంద్రలోని ఐకియాకు వెళ్ళండి. 2022లో తెరిచారు, గ్రీన్ లైన్‌లో నాగసంద్ర మెట్రో స్టేషన్ పక్కనే. మీ ఇంటి నుంచి దూరమే, కానీ సోఫాల పక్కన బల్ల పెట్టి చూసుకునే వీలు ఉంటుంది. మీ కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, అక్కడి సోఫా ఎత్తు మీ సోఫా ఎత్తు కాదు. పాత సామాన్లకు శివాజీనగర్ ఫర్నిచర్ షాపులు ఉన్నాయి. మన వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఊరు మారేవాళ్ళు అమ్మేవి ఇంకా మంచి స్థితిలో దొరుకుతాయి. సర్జికల్ షాపులు ఏ పెద్ద ఆసుపత్రి చుట్టూ అయినా ఉంటాయి. మంచాలు, వీల్‌చెయిర్లు అద్దెకిచ్చేవాళ్ళు ఈ బల్లని కూడా అద్దెకు ఇస్తుంటారు. మీరైతే నేరుగా కొనకుండా ఒక నెల అద్దెకు తీసుకుని చూడండి, నడుం ఏమంటుందో అప్పటికి తెలిసిపోతుంది.

సోఫా కుషన్ మీదే కాళ్ళు పెట్టి నిలబెట్టే మడత బల్లలు మాత్రం వద్దు. మెత్తటి కుషన్ మీద ఒక కాలు ఎక్కువ దిగుతుంది, లాప్‌టాప్ పక్కకు జారుతుంది. బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటుంటే గట్టి దివాను మీద అవి బాగానే ఉంటాయి, సోఫా మీద కాదు.

నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా బల్ల కంటే ముందు ఫిజియోథెరపిస్టుకు గానీ ఆర్థో డాక్టరుకు గానీ చూపించండి. అలాంటివేమీ లేకపోతే సోఫా కింద సందు, మోచేతి ఎత్తు, సోఫా చేతి ఆనుడు (ఆర్మ్‌రెస్ట్) ఎత్తు, ఈ మూడూ కొలిచి కింద రాయండి. ఎదురు నుంచి తెచ్చుకునేది కావాలో, పక్క నుంచి తెచ్చుకునేది కావాలో చూసి చెప్తాను. చేయించుకోవాలనుకుంటే చెల్లెలి బల్ల బొమ్మ కొలతలతో సహా పెడతాను.