పొట్టి దూలం ఎందుకంత కుంగింది?

ప్రశ్న: మిర్చి కోల్డ్ స్టోరేజీలో నడిచే ప్లాట్‌ఫామ్ కోసం 150×75×8 మి.మీ. ఎఫ్‌ఆర్‌పీ (గాజు పోగుల్ని రెజిన్ అనే జిగురుతో కలిపి చేసిన) ఐ-దూలాలు తెప్పించాం. ఎలాస్టిక్ మాడ్యులస్ (లాగితే సాగకుండా నిలిచే గట్టిదనం) 23 గిగాపాస్కల్ అన్నారు. 900 మి.మీ. స్పాన్ (సపోర్టుల మధ్య దూరం) నడుమ 5 కిలోన్యూటన్లు వేస్తే లెక్కకు కుంగు 0.43 మి.మీ. రావాలి, 0.78 వచ్చింది. సరుకు నాసిరకమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సరుకును తప్పుపట్టకండి. మీ లెక్కలో వంపు వల్ల వచ్చే కుంగు మాత్రమే ఉంది, షియర్ (దూలం పొరలు ఒకదాని మీద ఒకటి జారబోవడం) వల్ల వచ్చేది లేదు. ఉక్కుకు ఎలాస్టిక్ మాడ్యులస్ షియర్ మాడ్యులస్‌కు దాదాపు 2.6 రెట్లు. గాజు పోగులు పొడవునా సాగే పల్ట్రూడెడ్ (పోగుల్ని రెజిన్‌లో ముంచి అచ్చులోంచి లాగి చేసిన) దూలంలో అది 6, 8 రెట్లు కూడా ఉంటుంది. షియర్ దగ్గరికొచ్చేసరికి భారం చాలావరకు రెజిన్ మీదే పడుతుంది మరి. షియర్ మాడ్యులస్ 3 గిగాపాస్కల్ అనుకుని వెబ్ (ఐ ఆకారంలో నడిమి నిలువు పలక) వైశాల్యంతో లెక్కగడితే 0.35 మి.మీ. వస్తుంది. మీకు తగిలిన తేడా అదే. 3 మీటర్ల స్పాన్‌లో ఇది మొత్తం కుంగులో 7 శాతం లోపే, అందుకే ఎవరి కంటా పడదు.

అనుకోవడంతో ఆగకుండా కొలవండి. 3 మీటర్ల దూలాన్ని కోయొద్దు, సపోర్టులే జరపండి: 600, 900, 1200, 1800, 2700 మి.మీ. ప్రతి స్పాన్‌లో నడుమ లోడు వేసి, కుంగును లోడుతోనూ స్పాన్‌తోనూ భాగించండి. గ్రాఫులో అడ్డంగా స్పాన్ వర్గం, నిలువుగా ఈ భాగఫలం. చుక్కలు సరళరేఖ మీదికి వస్తాయి. రేఖ నిలువు అక్షాన్ని తాకిన విలువను 4తో గుణించి తిరగేస్తే షియర్ స్టిఫ్‌నెస్ (షియర్‌కు లొంగని బిగువు). వాలును 48తో గుణించి తిరగేస్తే వంపు స్టిఫ్‌నెస్.

చెడేదంతా సపోర్టుల దగ్గరే. 600 స్పాన్‌లో 5 కిలోన్యూటన్లకు షియర్ కుంగు 0.23 మి.మీ. మాత్రమే. సపోర్టు రోలరు దగ్గర ఫ్లాంజ్ (ఐ ఆకారంలో పైనా కిందా ఉండే అడ్డ పలక) 0.05 మి.మీ. నొక్కుకుపోయినా ఐదో వంతు తప్పు. కాబట్టి డయల్ గేజ్ (కుంగును ముల్లుతో చూపే కొలత పరికరం) ఒకటి చాలదు, మూడు కావాలి: నడుమ ఒకటి, రెండు సపోర్టుల మీద చెరొకటి, మూడూ వెబ్ సగం ఎత్తులో. సపోర్టుల సగటును నడిమి రీడింగ్ నుంచి తీసేయండి. రోలరుకూ ఫ్లాంజ్‌కూ మధ్య ఉక్కు పలక పెట్టండి. 2700 స్పాన్‌లో 2 కిలోన్యూటన్లు దాటొద్దు, దూలం పక్కకు ఒరుగుతుంది.

లోడు వేసిన ప్రతిసారీ ఒకే వ్యవధి, ఒక నిమిషం, ఆగి చదవండి. రెజిన్ నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. వేసవి మధ్యాహ్నం రేకుల షెడ్డులో అది ఇంకా మెత్తబడుతుంది. ఐదు స్పాన్లూ ఒకే పూట, పొద్దున్నే ముగించి, రీడింగుల పక్కన ఉష్ణోగ్రత రాసిపెట్టండి.