పరీక్షంటే కడుపునొప్పి, ఇంటర్వ్యూ అంటే వణుకు... మానిపించొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. మార్కులు బాగానే వస్తాయి. కానీ పరీక్ష ఉందంటే చాలు, పొద్దున లేస్తూనే కడుపునొప్పి అంటుంది. రెండు మూడుసార్లు వాంతి కూడా చేసుకుంది. చేతులు చల్లబడి చెమట పడతాయి. ఈమధ్య ఎప్పుడు చూసినా నీరసం, మెట్లెక్కితే ఆయాసం. నెలసరిలో బ్లీడింగ్ కూడా ఎక్కువే. రాత్రి ఒంటిగంట దాకా చదివి ఆరింటికి లేస్తోంది. ఓ ట్రస్టు ఇచ్చే ప్రతిభా పురస్కారానికి రాత పరీక్షలో నెగ్గింది. మూడు వారాల్లో ఇంటర్వ్యూ ఉంది. ‘నలుగురి ముందు నాకు నోరు పెగలదు, నేను పోను’ అని ఏడుస్తోంది. మానిపించేద్దామా? వణుకు తగ్గడానికి తెలిసినవాళ్లు ఓ మాత్ర చెప్పారు, వేయొచ్చా?
– ఓ తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ పాప సాకులు చెప్పడం లేదు. ఆ నొప్పి నిజమైనదే. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్లడంతో అరచేతులు చల్లబడతాయి, పొట్ట, పేగుల కదలికలు గతి తప్పుతాయి. కడుపులో మెలిపెట్టడం, వికారం, మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్లాలనిపించడం అన్నీ దానివల్లే. ఆదివారాలు, సెలవుల్లో హాయిగా ఉండి, పరీక్ష రోజే నొప్పి వచ్చి, పేపరు రాసి బయటికొచ్చేసరికి తగ్గిపోతుంటే చాలావరకు ఆందోళన వల్లేనని అనుకోవచ్చు. నొప్పితో నిద్రలోంచి లేస్తున్నా, కుడివైపు పొత్తికడుపులో ఒకేచోట పొడుస్తున్నా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా మాత్రం పరీక్షల భయమేలే అని సరిపెట్టుకోకండి. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నీరసం, ఆయాసం, నెలసరిలో అధిక రక్తస్రావం. ఇంటర్వ్యూ సంగతి తర్వాత, ఈ వారంలోనే రక్త పరీక్ష చేయించండి. రక్తకణాలు, హిమోగ్లోబిన్ లెక్క తెలిపే సీబీపీ, ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ చాలు. ఈ వయసు ఆడపిల్లల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా గుండె దడదడలాడుతుంది. ఆ దడనే పాప ‘నాకు భయమేస్తోంది’ అనుకుంటుంది, అనుకున్నకొద్దీ భయం పెరుగుతుంది.

స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అది రక్తహీనత రాకుండా కాపాడటానికి. వచ్చాక దానితో సరిపోదు, డాక్టర్ రాసిన మోతాదు వేయాలి. మాత్రతోపాటు నిమ్మరసం తాగితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలు మాత్రకు గంట ముందూ గంట తర్వాతా వద్దు. మలం నల్లగా వస్తే కంగారుపడొద్దు, అది మామూలే. నెల తిరిగేసరికి హుషారు వచ్చిందని చాలామంది ఆపేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. హిమోగ్లోబిన్ సరైన స్థాయికి చేరాక కూడా మూడు నెలల దాకా వాడాలి. ప్యాడ్ గంటా రెండు గంటలకే తడిసిపోతున్నా, బ్లీడింగ్ ఏడు రోజులు దాటుతున్నా గైనకాలజిస్టును కలవండి.

ఇక ఇంటర్వ్యూ. దయచేసి మానిపించకండి. వెళ్లొద్దులే అనగానే పాప ముఖం విచ్చుకుంటుంది, ఆ పూటకు నొప్పీ పోతుంది. కానీ తప్పించుకుంటే హాయిగా ఉంటుందన్న పాఠం మనసులో నాటుకుపోతుంది. ఈసారి ఇంటర్వ్యూ, రేపు ప్రాక్టికల్స్, ఎల్లుండి కాలేజీలో సెమినార్... ప్రతిసారీ భయం ఇంకాస్త ముందే మొదలవుతుంది. అలాగని తోసేసినట్టు పంపినా పని జరగదు. కొద్దికొద్దిగా అలవాటు చేయాలి, అందుకు మూడు వారాలు సరిపోతాయి.

మొదటి వారం ఇంట్లోనే. బల్లకు అటు మీరు, ఇటు పాప కూర్చోండి. రోజుకు అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. ‘నీ గురించి చెప్పు’, ‘ఏ సబ్జెక్టు ఇష్టం, ఎందుకు?’, ‘మీ ఊళ్లో ఒక సమస్య చెప్పు, నీవైతే ఏం చేస్తావు?’, ‘శేషాచలం కొండల్లో ఎర్రచందనం గురించి ఏం తెలుసు?’ ఇలాంటివి. రెండో వారం బాబాయో, మేనమామో, ట్యూషన్ టీచరో ఇద్దరిని కూర్చోబెట్టండి. మూడో వారం పాపకు పెద్దగా చనువులేని పెద్దవాళ్లు కావాలి. మీ వీధిలో రిటైరైన మాస్టారెవరైనా ఉంటే అడగండి, కాదనరు. ఆ రోజు ఇంటర్వ్యూకి వేసుకునే బట్టలే వేసుకుని, తలుపు తట్టి, నమస్కారం పెట్టి, కూర్చోమన్నాక కూర్చోవాలి.

ఇక్కడ తల్లిదండ్రులు రెండు చోట్ల పొరపాటు పడతారు. పాప తడబడి కళ్లనీళ్లు పెట్టుకోగానే ‘సర్లే, ఇవాళ్టికి చాలు’ అని ఆపేస్తారు. భయం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఆపితే అదే మిగిలిపోతుంది. మంచినీళ్లిచ్చి, నిమిషం ఆగి, తేలిక ప్రశ్న ఒకటి అడిగి, దానికి జవాబు వచ్చాకే లేవనివ్వండి. రెండోది, జవాబులన్నీ కంఠతా పట్టించడం. మధ్యలో ఒక్క మాట జారితే చాలు, మిగతాదంతా మరిచిపోతారు. పేరు, ఊరు, స్కూలు చెప్పే మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి రావాలి. మిగతా వాటికి ‘ఏమిటి, ఎందుకు, ఒక ఉదాహరణ’ అని మూడు ముక్కలు గుర్తుంటే చాలు. తెలియని ప్రశ్నకు ‘తెలియదు సార్, తెలుసుకుంటాను’ అనడం తప్పు కాదని గట్టిగా చెప్పండి. తెలుగులో జవాబు చెప్పొచ్చో లేదో ట్రస్టువాళ్లను ముందే ఫోన్‌లో కనుక్కోండి. సగం దిగులు అక్కడే తీరుతుంది.

రోజుకు రెండు పూటలా అయిదేసి నిమిషాలు శ్వాస సాధన చేయించండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. గబగబా పెద్ద ఊపిర్లు తీస్తే తల తిరిగి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అప్పుడు భయం రెట్టింపవుతుంది. ఈ శ్వాస సాధన ఇవాళే మొదలుపెట్టాలి. ఇంటర్వ్యూ గది బయట మొదటిసారి చేస్తే పనిచేయదు.

చదివిందంతా పరీక్ష హాల్లో ‘బ్లాంక్’ అవుతోందని కూడా పిల్లలు చెబుతుంటారు. దీనికి విరుగుడు ఇంటి దగ్గరే ఉంది. పుస్తకం తెరిచి పదిసార్లు చదవడం కన్నా, మూసి ఒకసారి కాగితం మీద రాయడం మేలు. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పబ్లిక్ పరీక్షలో చాలా పేపర్లు ఉదయం 9.30 నుంచి 12.45 దాకా ఉంటాయి, అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. ఆ సమయంలో బాగా వచ్చిన ప్రశ్నలను గుర్తుపెట్టుకుని వాటితోనే మొదలుపెట్టాలి. మధ్యలో ఏదీ తట్టకపోతే పెన్ను పక్కన పెట్టి, పాదాలు నేలకు గట్టిగా ఆనించి, అయిదు శ్వాసలు తీసి, ఒక బిట్ రాయమనండి. చెయ్యి కదిలితే బుర్రా కదులుతుంది.

అయిదు గంటల నిద్ర ఏమాత్రం చాలదు. ఈ వయసులో ఎనిమిది నుంచి పది గంటలు పడుకోవాలి. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి పదింటికి పుస్తకం మూయించండి, సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ ఇవ్వకండి. వాంతవుతుందని ఖాళీ కడుపుతో పంపొద్దు. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, కాస్త శనక్కాయల చట్నీ పెట్టండి. అదీ దిగకపోతే ఓ గ్లాసు పలచని రాగి జావ ఇవ్వండి. పూరీ, వడ ఆ పూటకు వద్దు.

మీకు చెప్పిన మాత్ర బహుశా ప్రొప్రనలాల్ అయి ఉంటుంది. గుండె వేగాన్ని, వణుకును తగ్గిస్తుంది. కానీ ఉబ్బసం ఉన్న పిల్లలకు ప్రమాదం, బీపీ, నాడి పడిపోవచ్చు. డాక్టర్ పరీక్షించి రాస్తే తప్ప వేయకండి. నిద్రమాత్రల కోవకు చెందినవైతే అసలే వద్దు, జ్ఞాపకశక్తి మందగిస్తుంది.

ఫలితాల రోజు మార్కులను ముందుగా పాపనే చూసుకోనివ్వండి. అప్పటిదాకా బంధువుల ఫోన్లు ఎత్తకండి. ర్యాంకుల జాబితాలను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం పిల్లలకు ఎంతమాత్రం మంచిది కాదు. మీ స్కూలు గ్రూపులో అలా పెడుతుంటే వద్దని చెప్పండి. మార్కులు తగ్గాయని పాప తిండి మానేసినా, గదిలోనే ఉండిపోయినా, ‘నేను లేకపోతే మీకే నయం’ లాంటి మాట ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకుండా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన కలగదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ తిరుపతిలోని రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది.

ఇవన్నీ చేశాక కూడా ప్రతి పరీక్షకూ వాంతులవుతుంటే, లేదా బడి మానేస్తుంటే సైకాలజిస్టు దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (భయం పెంచే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) ఇప్పించాలి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఓ చిన్న నోటుబుక్కు తీసుకెళ్లండి. నొప్పి వచ్చిన తేదీ, ఆ రోజు ఏ పరీక్ష, ఎన్ని గంటలు పడుకుంది, నెలసరి ఎప్పుడు... ఈ నాలుగూ మూడు వారాలపాటు రాసి ఉంటే జబ్బు పోల్చుకోవడం చాలా తేలికవుతుంది.