రాత్రి పది తరువాత పిల్లలు బయట ఉంటే తల్లిదండ్రులపై కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. మా ఆయన కువైట్‌లో పనిచేస్తున్నారు. మా అబ్బాయికి పదహారేళ్ళు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పోయిన నెలలో ఒక రాత్రి స్నేహితుడిని ఇంటి దగ్గర దింపి పదిన్నరకు స్కూటీ మీద వస్తుంటే గస్తీ పోలీసులు ఆపి, మరికొందరు పిల్లలతో పాటు స్టేషన్‌కు తీసుకెళ్ళి గుంజీలు తీయించారు. అక్కడ తీసిన ఫొటో తెల్లవారేసరికి మా వార్డు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నన్ను పిలిపించి, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు రాత్రి పది నుంచి కర్ఫ్యూ ఉందని, మళ్ళీ దొరికితే నా మీదే కేసు పెడతామని చెప్పి ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. బండి ఇంకా స్టేషన్‌లోనే ఉంది. రాత్రిళ్ళు తిరిగే పిల్లల ఇళ్ళకు ఐదు వందల జరిమానా వేస్తామని వార్డు పెద్దలు కూడా అంటున్నారు. అమెరికాలో ఇలాంటి చట్టం ఉందని అక్కడి మా బంధువులు చెప్పారు. మన దగ్గర కూడా ఉందా?

జవాబు: పద్దెనిమిదేళ్ళ లోపువారు రాత్రి ఫలానా గంట తరువాత వీధిలో కనిపించకూడదని చెప్పే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. పార్లమెంటు చేసిన చట్టాల్లోనూ లేదు. పిల్లవాడు రాత్రిపూట బయట ఉన్నాడన్న ఒక్క కారణంతో తల్లి మీద కేసు పెడితే అది నిలవదు. అయితే మీరు లేఖలో ఒక్క మాటతో దాటేసిన స్కూటీ సంగతి అంత తేలికైనది కాదు. మీరు కర్ఫ్యూ గురించి భయపడుతున్నారు, భయపడవలసింది బండి గురించి. ముందు కర్ఫ్యూ సంగతి చెప్పి, తరువాత దాని దగ్గరకు వస్తాను.

దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్ళి వచ్చే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది, అందులో పెద్దలని, పిల్లలని తేడా చూపలేదు. ప్రజా ప్రయోజనం కోసం ఆ హక్కుకు సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చు గానీ, వాటిని చట్టం ద్వారానే పెట్టాలి. పోలీసుల అంతర్గత నిబంధనలు అలాంటి చట్టం కిందికి రావని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. ఊరికి మంచిదనే ఉద్దేశంతోనే అయినా ఒక అధికారి నోటిమాటగా ప్రకటించిన నిషేధం చట్టం కాజాలదు.

నిషేధాజ్ఞలు విధించడానికి మనం పాత 144 సెక్షన్ అని పిలుచుకునే అధికారం, 2024 జూలై 1 నుంచి నేర విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా ఉంది. శాంతిభద్రతలకు, ప్రాణాలకు వెంటనే ముప్పు ఉన్నప్పుడు జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆర్‌డీఓ గానీ, ప్రత్యేకంగా అధికారం పొందిన మరో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ కారణాలు చూపుతూ రాతపూర్వకంగా ఈ ఉత్తర్వు ఇస్తారు. దాని గడువు రెండు నెలలు మించకూడదు. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే మరో ఆరు నెలల వరకు పొడిగించగలదు. స్టేషన్‌లోని ఎస్ఐకి గానీ, సీఐకి గానీ ఈ అధికారం లేదు. ఈ అధికారాన్ని పదేపదే వాడటం సరికాదని, ఇచ్చిన ఉత్తర్వులను ప్రజలకు తెలిసేలా ప్రచురించాలని, పరిమితి ముప్పుకు తగిన మోతాదులోనే ఉండాలని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి మీ ఊళ్ళో కర్ఫ్యూ నిజంగా ఉంటే ఆ ఉత్తర్వు కాగితం మీద ఉండి తీరాలి. ఆర్‌డీఓ కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద దాని ప్రతిని అడగండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పత్రికల్లో తరచుగా కనిపించే ‘30 పోలీస్ యాక్ట్ అమలు’ అనేది సభలకు, ఊరేగింపులకు సంబంధించినది, ఇంటికి వెళ్తున్న పిల్లవాడికి అది వర్తించదు.

పిల్లలకు వేళలు నిర్ణయించడమే తప్పని నా ఉద్దేశం కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయినప్పుడు, పదిహేనేళ్ళ లోపు పిల్లలను ఉదయం ఐదు నుంచి మధ్యాహ్నం రెండు గంటల వరకే మెట్ల మార్గాల్లో అనుమతించాలని తిరుమల తిరుపతి దేవస్థానం నిర్ణయించింది. అక్కడ ముప్పు ఏమిటో అందరికీ తెలుసు, నిషేధం ఒక దారికే పరిమితం, ఆ దారి నిర్వహణ దేవస్థానం చేతిలో ఉంది, కాదన్న పిల్లవాడిని గేటు దగ్గర ఆపుతారే తప్ప ఎవరి మీదా కేసు పెట్టరు. ఊరు మొత్తానికీ, పిల్లలందరికీ, గడువు లేకుండా వేసే నిషేధానికి ఆ సమర్థన దొరకదు. గంగ జాతర రోజుల్లో అర్ధరాత్రి దాకా వీధుల్లో పిల్లలే ఉంటారు. పెళ్ళి నుంచి, ట్యూషన్ నుంచి, ఆస్పత్రి నుంచి వచ్చే పిల్లలూ ఉంటారు. వీరందరినీ ఒకే గాటన కట్టే ఉత్తర్వు ఉన్నా, హైకోర్టులో దాన్ని సమర్థించుకోవడం కష్టం.

మీ బంధువులు చెప్పినది ఆ దేశం వరకు నిజమే. అక్కడ అనేక నగరాలు స్థానిక శాసనాలతో మైనర్లకు రాత్రి కర్ఫ్యూ పెట్టాయి, కొన్నిచోట్ల తల్లిదండ్రులకు జరిమానా కూడా ఉంది. తల్లిదండ్రులతో ఉన్నవారికి, ఉద్యోగం నుంచి వస్తున్నవారికి మినహాయింపులు ఇచ్చిన డాలస్ కర్ఫ్యూను అక్కడి అప్పీలు కోర్టు 1993లో సమర్థించగా, శాన్ డియాగో కర్ఫ్యూను మరో అప్పీలు కోర్టు 1997లో కొట్టివేస్తూ, పిల్లలను పెంచే విషయంలో తల్లిదండ్రులకున్న హక్కుకు కూడా అది భంగకరమని చెప్పింది. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రమే 2023లో నగరాలు ఇలాంటి కర్ఫ్యూలు పెట్టకుండా చట్టం చేసింది. ఏమైనా అవి ఆ నగరాలకు అక్కడి చట్టం ఇచ్చిన అధికారాలు. మన మునిసిపాలిటీకి పారిశుద్ధ్యం, వీధులు, మార్కెట్లు, కట్టడాల మీద అధికారం ఉంది గానీ మనుషులు ఏ వేళలో తిరగాలో నిర్ణయించే అధికారం లేదు. ఇక వార్డు పెద్దలకు జరిమానా వేసే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు, ఆ ఐదు వందలు మీరు కట్టనవసరం లేదు. మర్యాదగా, కానీ గట్టిగా ఆ మాట వారితో చెప్పండి.

పోలీసులు రాత్రిపూట పిల్లవాడిని ఆపి ఎక్కడికి వెళ్తున్నావని అడగడం, ఇంటికి ఫోన్ చేయడం, అవసరమైతే ఇంటి దగ్గర దింపడం వారి విధిలో భాగమే, అలా చేసే గస్తీ సిబ్బంది పట్ల మనకు గౌరవం ఉండాలి. గంజాయి చేతులు మారే చోటో, పనికి దిగే ప్రమాదం ఉన్న చోటో పిల్లవాడు కనిపిస్తే, సంరక్షణ అవసరమైన బాలుడిగా భావించి ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచే అధికారం 2015 నాటి బాలల న్యాయ చట్టం వారికి ఇస్తుంది. ఆ చట్టం ఉద్దేశం శిక్ష కాదు, రక్షణ. నేరం ఆరోపించినప్పుడు కూడా పిల్లవాడిని బాలల సంక్షేమ పోలీసు అధికారికే అప్పగించాలి, లాకప్‌లో ఏ పరిస్థితిలోనూ ఉంచకూడదు, తల్లిదండ్రులకు తెలియజేయాలి. చిన్న నేరాలకు ఎఫ్ఐఆర్ కూడా లేకుండా స్టేషన్‌లోని రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి నేపథ్య నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలని నిబంధనలు చెబుతున్నాయి. గుంజీలు తీయించడానికి ఏ చట్టంలోనూ చోటు లేదు. నలుగురి ముందు అవమానపడిన పిల్లవాడు దారిలోకి వస్తాడని నమ్మేవారు చాలామంది ఉన్నారు, నేను ఆ మాట ఒప్పుకోను.

ఫొటో విషయం అంతకన్నా తీవ్రమైనది. విచారణలో ఉన్న పిల్లవాడి పేరు, బడి, చిత్రం ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదని అదే బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. అసలు కేసే లేదని పోలీసులు అంటే, అప్పుడు ఫొటో తీయడానికే కారణం లేదు, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు అండగా ఉంటుంది. గ్రూపులో ఆ ఫొటో ఎవరు, ఎప్పుడు పెట్టారో కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి, దాన్ని మీరు మాత్రం ఎవరికీ పంపకండి.

తల్లిదండ్రుల బాధ్యత గురించి చట్టం మౌనంగా లేదు. పిల్లవాడికి శారీరకంగా, మానసికంగా బాధ కలిగేలా ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేస్తే బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. కొడుకు స్నేహితుడిని దింపి రావడానికి వెళ్ళినంత మాత్రాన తల్లికి అది వర్తించదు. పిల్లవాడు నేరం చేశాడని బోర్డు తేల్చితే, జరిమానాను తల్లిదండ్రులు కట్టాలని గానీ, మూడేళ్ళు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు ఇవ్వాలని గానీ 18వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. అది పూర్తి విచారణ తరువాత బోర్డు చేసే పని, స్టేషన్ బల్ల మీద జరిగేది కాదు. రాత్రివేళకు సంబంధించి మన చట్టాల్లో నేరుగా కనిపించే గంటలు ఒకచోట ఉన్నాయి: పద్నాలుగు దాటిన కౌమార బాలలను రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది వరకు పనిలో పెట్టకూడదని 1986 నాటి బాల కార్మిక చట్టం చెబుతోంది. ఆ భారం యజమాని మీద ఉంటుంది. రాత్రి పదకొండుకు హోటల్లో గిన్నెలు కడుగుతున్న పిల్లవాడి మీద కూడా మన గస్తీ దృష్టి పడాలని నా కోరిక.

ఇప్పుడు బండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనిదే మోటారు వాహనం నడపకూడదు. పదహారు నిండినవారికి 50 సీసీ మించని ద్విచక్ర వాహనానికి మాత్రమే మినహాయింపు ఉంది, అదీ లైసెన్స్ తీసుకున్నాకే. ఇప్పటి పెట్రోలు స్కూటీలు సాధారణంగా ఆ పరిమితి దాటినవే. 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ ఈ చట్టం కింద నేరం చేస్తే అతని సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషిగా పరిగణించబడతారు. మూడేళ్ళ వరకు జైలు, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది, పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేవరకు లైసెన్స్ రాదు. పైగా బండి మీ సమ్మతితోనే తీశాడని కోర్టు మొదట భావిస్తుంది. మీకు తెలియకుండా తీశాడని గానీ, తీయకుండా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారని గానీ నిరూపించుకోవలసింది మీరే. తండ్రి కువైట్‌లో ఉన్నాడు కాబట్టి సంరక్షకుడు ఆయనే అన్న వాదన మిమ్మల్ని కాపాడదు, ఆయన లేనప్పుడు సంరక్షకురాలు తల్లేనని గీతా హరిహరన్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రాత్రి దారిలో ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ వారికి పరిహారం చెల్లించి, లైసెన్స్ లేని చేతికి బండి ఇచ్చారన్న కారణంతో ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. కువైట్ నుంచి వచ్చే జీతం మీద ఏళ్ళ తరబడి పడే భారం అది.

లైసెన్స్ లేకుండా నడిపిన బండిని మోటారు వాహనాల చట్టం 207వ సెక్షన్ కింద ఆపి ఉంచే అధికారం పోలీసులకు ఉంది, కాబట్టి బండి పట్టుకోవడం తప్పని వాదించకండి. కానీ చలాన్ గానీ, స్వాధీన రసీదు గానీ ఇవ్వకుండా నెలల తరబడి ఉంచడం సరికాదు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలతో విడుదల కోరుతూ రాతపూర్వక దరఖాస్తు ఇచ్చి, ప్రతి మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. కేసు నమోదై ఉంటే మేజిస్ట్రేట్ కోర్టులో మధ్యంతర అప్పగింతకు, అంటే కేసు తేలేలోపు బండిని తాత్కాలికంగా ఇప్పించమని, పిటిషన్ వేయాలి. స్టేషన్ ఆవరణలో వాహనాలను ఎక్కువ కాలం పడేసి ఉంచవద్దని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో చెప్పింది.

మీరు సంతకం చేసిన కాగితంలో ఏముందో మీ లేఖలో లేదు. అది ఖాళీ కాగితమైతే ఆ రాత్రి తేదీ, సమయం, జరిగిన తీరు వివరిస్తూ జిల్లా ఎస్పీకి వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపండి. సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు. ‘నేనే బండి ఇచ్చాను’ అని అందులో రాసి ఉన్నా, పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుల మీద రుజువుగా వాడకూడదని సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెబుతోంది. అర్జీలో ఫొటో గురించి, గుంజీల గురించి రాయండి. బండి గురించి మాత్రం అబద్ధం రాయకండి, అవసరం లేని వివరణా ఇవ్వకండి. వకీలు ఫీజు భారమైతే, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. 199ఎ కింద నోటీసు గానీ సమన్లు గానీ వస్తే స్టేషన్‌లో మరో కాగితం మీద సంతకం చేయకముందే అక్కడి న్యాయవాదికి చూపించండి.