ఆడిట్ రూల్స్ రాసే ముందు

అమ్మలూ,

మీ బ్యాంకులో లినక్స్ సర్వర్ల ఆడిట్ లాగింగ్ పని (సర్వర్ మీద ఎవరు ఎప్పుడు ఏం చేశారో రికార్డయ్యేలా చూడడం) నీకు అప్పజెప్పారని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళ లిస్టు చూసి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు ఈ వారం శ్రీకాకుళం నుంచి విజయనగరం రాలేవు కాబట్టి రాసి పంపుతున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ చూసుకుంటూ చదువు.

నెట్‌లో దొరికిన రూల్స్ ఫైలు (ఏవేవి రికార్డు చెయ్యాలో చెప్పే లైన్లు) తెచ్చి అలాగే పెట్టెయ్యకు. ఆడిట్ ప్యాకేజీతోనే నమూనా రూల్స్ వస్తాయి. కార్డుల భద్రతకి సంబంధించిన పీసీఐ ప్రమాణానికి ఒక ఫైలు, అమెరికా రక్షణ శాఖ భద్రతా ప్రమాణం స్టిగ్‌కి ఒకటి, ఇలా విడివిడిగా ఉంటాయి. వాటిని చదివి, ప్రతి లైను పక్కన ఒక ప్రశ్న రాసుకో: రేపు ఎవరు ఏమడిగితే ఈ లైను జవాబిస్తుంది? ‘ఫలానా రాత్రి సుడోయర్స్ ఫైలు (రూట్, అంటే సర్వాధికారి యూజర్, పనులు ఎవరు చెయ్యొచ్చో రాసి ఉండే ఫైలు) మార్చిందెవరు?’ అన్నది ప్రశ్న. ‘కొత్త యూజర్‌ని ఎవరు చేర్చారు?’ అన్నది ప్రశ్న. ప్రశ్న దొరకని లైను ఎందుకుందో తెలిసేదాకా పక్కన పెట్టు. వల కన్ను మరీ సన్నగా ఉంటే చేపల కంటే నాచే ఎక్కువ పడుతుందని మన భావనపాడు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి ఫైలు తెరవడాన్నీ రికార్డు చేస్తే కావలసిన ఒక్క రికార్డు ఆ రద్దీలో కనపడదు.

ఇప్పుడు అసలు విషయం, ఏయూఐడీ. మనిషి లాగిన్ అయిన క్షణంలో అంటుకునే నంబరు అది. తర్వాత సుడో కమాండ్‌తో రూట్ అధికారం తీసుకున్నా, ఎస్‌యూ కమాండ్‌తో రూట్ అయినా ఆ నంబరు మారదు. రికార్డులో యూఐడీ 0, ఏయూఐడీ 1004 అని ఉంటే, పని జరిగింది రూట్ అధికారంతో, చేసిన మనిషి 1004 అని అర్థం. ఈ ఒక్క నంబరు మీదే మొత్తం పద్ధతి నిలబడి ఉంది.

అందరూ ఒకే రూట్ పాస్‌వర్డ్‌తో నేరుగా లాగిన్ అవుతుంటే ఏయూఐడీ కూడా 0 అవుతుంది, మనిషి దొరకడు. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. నమూనా రూల్స్‌లో చాలా చోట్ల ‘ఏయూఐడీ 1000 లేదా అంతకంటే ఎక్కువ అయితేనే’ అన్న షరతు ఉంటుంది. అంటే నేరుగా రూట్‌గా వచ్చినవాడు చేసిన పని ఆ రూల్‌కి అసలు తగలదు, రికార్డే పడదు. అందుకే రూల్స్ ముట్టుకునే ముందు మీ మేనేజర్‌గారితో మాట్లాడి నేరుగా రూట్ లాగిన్ ఆపించు, ఎవరి అకౌంటు వాళ్ళకి ఇప్పించు. కొంత విసుక్కుంటారు. అయినా ఇందులో పట్టు విడవకు.

రూల్స్ ఫైళ్ళు ఈటీసీ కింద ఆడిట్ ఫోల్డర్‌లో, రూల్స్ డాట్ డి లోపల పెట్టాలి. పైనున్న ఆడిట్ డాట్ రూల్స్ ఫైలులో చేత్తో రాస్తే రూల్స్ డాట్ డి లోని ఫైళ్ళన్నీ కలిపి దాన్ని తయారుచేసే ఆజెన్‌రూల్స్ కమాండ్ నడిచినప్పుడు అది చెరిగిపోతుంది. ఫైలు పేరు ముందు 10, 20, 30, 50 అని నంబర్లు ఉంటాయి, ఆ వరసలోనే చదువుతుంది. మొదట తగిలిన రూల్‌తోనే ఆగిపోతుంది కాబట్టి ‘దీన్ని రాయొద్దు’ అనే నెవర్ రూల్స్ ముందు రావాలి. ఉదాహరణకి, టైమ్ మార్పుల మీద రూల్ పెట్టావనుకో, క్రోనీ అనే టైమ్ ప్రోగ్రాం మాటిమాటికీ గడియారం సర్దుతూ లాగ్ నింపేస్తుంది. దాన్ని మినహాయించే లైను 22 నంబరు ఫైలులో, అసలు రూల్ 30లో ఉండాలి. సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే పని) రూల్స్‌ని 64 బిట్‌కీ 32 బిట్‌కీ రెండింటికీ రాయి. 64 బిట్ మెషీన్ మీద 32 బిట్ ప్రోగ్రాం నడిపి తప్పించుకునే దారి ఉంది మరి. కొత్త వెర్షన్లలో ఫైలు మీద కాపలా పెట్టే పాత మైనస్ డబ్ల్యూ పద్ధతి వద్దంటున్నారు, మైనస్ ఏ రూపంలోనే రాయడం అలవాటు చేసుకో.

రాసిన ప్రతి రూల్‌నీ చేసి చూడు. టెస్ట్ యూజర్‌గా లాగిన్ అయి, విసుడో కమాండ్‌తో సుడోయర్స్‌లో ఒక కామెంట్ లైను చేర్చు. తర్వాత లాగ్స్ వెతికే ఏయూసెర్చ్ కమాండ్‌లో ఆ రూల్‌కి పెట్టిన కీ పేరు ఇచ్చి, చివర మైనస్ ఐ తగిలించి వెతుకు. టైమ్ మామూలు తేదీగా, నంబరు యూజర్ పేరుగా కనిపిస్తాయి. అదే పని సుడోయర్స్ డాట్ డి ఫోల్డర్‌లోనూ చెయ్యి, చాలామంది ఆ ఫోల్డర్‌ని మరిచిపోతారు. వచ్చిన ఫలితాన్ని తేదీ వేసి దాచు. ఇన్‌స్పెక్షన్‌లో రూల్స్ ఫైలు చూపించడం కంటే ఆ కాగితం పది రెట్లు పనికొస్తుంది.

అన్నీ పనిచేశాకే చివరి ఫైలులో మైనస్ ఈ 2 పెట్టు. అది పెడితే రీబూట్ చేసేదాకా రూట్ కూడా రూల్స్ మార్చలేడు. ముందే పెడితే ప్రతి చిన్న సవరణకీ సర్వర్ ఆపాల్సి వస్తుంది. బూట్ లైనులో ఆడిట్ ఈక్వల్ 1 కూడా చేర్చు, లేకపోతే లాగ్స్ రాసే ఆడిట్‌డీ ప్రోగ్రాం కంటే ముందే మొదలైన ప్రాసెస్‌లు లెక్కలోకి రావు.

ఇక దాచే సంగతి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు, మన దేశంలోనే ఉంచాలి. ఏదైనా సైబర్ సంఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లోపు వాళ్ళకి చెప్పాలి. కార్డుల లావాదేవీలు కూడా ఉంటే పీసీఐ ప్రకారం 12 నెలలు, అందులో చివరి 3 నెలలవి వెంటనే తీసి చూపించేలా ఉండాలి. ఆడిట్‌డీ మామూలుగా ఇచ్చే సెట్టింగ్ చూశావా? ఒక్కో ఫైలు 8 ఎంబీ, మొత్తం 5 ఫైళ్ళు. అంటే 40 ఎంబీ నిండగానే పాతవి పోతాయి. 180 రోజులకి అది ఏ మూలకీ చాలదు. సైజు పెంచడంతో సరిపెట్టకు, లాగ్స్ వేరే సర్వర్‌కి ఎప్పటికప్పుడు వెళ్ళేలా పెట్టు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటి తుపాను తర్వాత బ్రాంచిలో డిస్కు లేవకపోయినా ఇంకోచోట కాపీ ఉండాలి. కరెంటు పోయి వచ్చాక గడియారాలు కూడా చూసుకో, గడియారాన్ని నడిపే సీమోస్ బ్యాటరీ అయిపోయిన మెషీన్ పాత తేదీతో లేస్తుంది. ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైమ్ సర్వర్లతో, లేదా వాటితో సరిచూసుకునే సర్వర్లతో కలిపి ఉంచమని అదే ఆదేశాల్లో ఉంది.

డిస్కు నిండితే మెషీన్ ఆపెయ్యమని కొన్ని ప్రమాణాలు అంటాయి. ఆ సెట్టింగ్ నీ అంతట నువ్వు పెట్టకు. కౌంటర్ దగ్గర పింఛను కోసం నిలబడ్డ ముసలమ్మ వెనక్కి వెళ్ళాల్సిన పరిస్థితి అది. ఆ నిర్ణయం పైవాళ్ళు రాతపూర్వకంగా ఇవ్వాలి. నీ వంతుగా ఆడిట్ లాగ్స్‌కి వేరే పార్టిషన్ ఇచ్చి, జాగా తగ్గుతుండగానే మెయిల్ వచ్చేలా పెట్టు.

ముందు టెస్ట్ మెషీన్ మీద రెండు రోజులు నడపనియ్. ఆడిట్‌సీటీఎల్ మైనస్ ఎస్ కొట్టి, లాస్ట్ (పోయిన రికార్డుల సంఖ్య) దగ్గర ఎంత ఉందో నాకు ఫోన్‌లో చెప్పు. సున్నా కాకపోతే రికార్డులు జారిపోతున్నట్టే, అప్పుడు బ్యాక్‌లాగ్ లిమిట్ (రాయడానికి వరసలో ఆగే రికార్డుల పరిమితి) పెంచాలో, రద్దీ చేసే రూల్ తీసెయ్యాలో చూద్దాం. అసలు సర్వర్ల మీద మాత్రం నెలాఖరు దాటాకే పెట్టు.

మీ మావయ్య